తలుపు తీసి ఇచ్చిన నీళ్లు

కిడ్నీ ఆసుపత్రి వాళ్లు మా ఇంటికి వచ్చారు. జీపు మా వాకిలి ఎదురుగానే ఆపి, పెద్ద సారు చల్లగా అందులోనే కూర్చొని, ఒక పిల్లను లోపలికి పంపాడు. పిల్ల పేరు హారిక. మర్యాదస్తురాలే, తాతా అని పిలిచింది, మంచం మీద కూర్చోమంటే కూర్చుంది. మా గూడేల్లో కిడ్నీలు చెడిపోయేవాళ్లు ఎక్కువయ్యారట. పట్నంలో రక్తం కడిగే మిషన్లు పెట్టినా మావాళ్లు రావడం లేదట. ఎందుకు రావడం లేదో తెలుసుకోవడానికి మాలోంచే కొందరిని కూర్చోబెట్టి కమిటీ వేస్తున్నారట. "మీ మాట మాకు చాలా ముఖ్యం తాతా, మీరు చెప్పినట్టే చేస్తాం" అంది. నేను ఆ ఆసుపత్రిలోనే మిషను ఎక్కుతున్నాను, చదవడం వచ్చు, గల్ఫు చూసి వచ్చినవాణ్ణి. అందుకని నన్ను ఏరారు. ఎండ మండిపోతోంది, పిల్ల మెడంతా చెమట. కోడలు చెంబుతో నీళ్లు తెచ్చింది. పిల్ల నవ్వి, సంచిలోంచి సీసా తీసి చూపించి, "నా బాటిల్ ఉంది ఆంటీ, పర్లేదు" అంది. కోడలు చెంబును గూట్లో పెట్టి లోపలికి పోయింది.

జరిగింది ఇంతే. ఇందులో ఏముందని అడుగుతారు. ఏమీ లేకపోవచ్చు. ఈ కాలపు పిల్లలు ఎక్కడికి పోయినా సీసా మెడకు తగిలించుకునే పోతారు, నీళ్లు మారితే గొంతు పట్టుకుంటుందని భయం. అయ్యుండొచ్చు. కాని ఆ సీసాను నేను ఇంతకుముందు చూశాను. పిల్ల ఇచ్చిన కాగితాలు చేతిలోకి తీసుకొని, "చదువుకుంటా, కూర్చో బిడ్డా" అన్నాను. నేను అక్షరాలు నేర్చుకున్నది గడ్డం నెరిశాక, నా మనవడి పలక మీద. ఒక్కో పేజీ నాకు ఒక్కో బండరాయి. పిల్ల సీసాలోంచి గుటక గుటక తాగుతూ కూర్చుంది. నా కళ్లు కాగితం మీద నడుస్తున్నా నా బుద్ధి మాత్రం సమాయిల్ పోయింది.

సమాయిల్ ఒమన్ దేశంలో, మస్కట్ నుంచి లోపలికి పోయే దారిలో, కొండల మధ్య ఉంటుంది. చుట్టూ కాల్చిన ఇటుక రంగు గుట్టలు, గడ్డిపోచ మొలవదు. మధ్యలో మాత్రం ఖర్జూరపు తోటలు, ఆకాశం కనపడనంత దట్టంగా. ఆ తోటలకు ప్రాణం ఫలజ్. కొండ కడుపులోంచి తవ్వుకొచ్చిన కాలువ అది. ఎండాకాలంలో కూడా నీళ్లు ఆగేవి కావు. అక్కడ మా కంపెనీ ఆసుపత్రి కడుతోంది. అప్పుడా దేశమంతా కట్టడాలే. ఎటు చూసినా సిమెంటు దుమ్ము, కంకర లారీలు, తల మీద తువ్వాలు చుట్టుకున్న మనవాళ్లు. కరీంనగర్, నిజామాబాద్, ఆదిలాబాద్ పల్లెల నుంచి బొంబాయి ఏజెంటు తోలుకొచ్చిన మందంతా ఒకే రేకుల షెడ్డులో ఉండేది. తెల్లారితే కిరోసిన్ స్టవ్వుల వాసన, మాడిన ఉల్లిగడ్డ వాసన, నిన్నటి చెమట ఆరిన బనియన్ల వాసన. దాని మీదుగా తోటల వైపు నుంచి పండిన ఖర్జూరం తీపి వాసన వచ్చి పడేది. ఆ రెండూ కలిసిన గాలి ఇప్పటికీ నాకు ముక్కులో ఉంది. బాగుండేదని చెప్పను. ఉంది, అంతే.

మా ఊరివాడు గంగారాం పటేల్ కూడా ఆ షెడ్డులోనే ఉండేవాడు. ఊళ్లో వాళ్లది పెద్ద కులం, పెద్ద వాకిలి. మేం నాయకపోడోళ్లం, గుట్ట కింద మా గూడెం. చిన్నప్పుడు మా అమ్మ తేనె, సీతాఫలాలు పట్టుకొని వాళ్లింటికి పోయేది. వెంట నేనూ. గడప ఇవతల నిలబడి దప్పికంటే, పటేల్ తల్లి చెంబు ఎత్తిపట్టి మా దోసిట్లోకి పై నుంచి పోసేది. చెంబు మా చేతికి తగలకుండా పొయ్యడంలో ఆమెకు గొప్ప నేర్పు. ఒక్క చుక్క కింద పడేది కాదు. మా అమ్మ ఆ నేర్పును మెచ్చుకునేది కూడా. నాకు మాత్రం ముంజేతుల మీదుగా మోచేతి దాకా కారే ఆ నీళ్లంటే అసహ్యం. అటువంటి ఇంటి కొడుకు, అప్పులపాలై భూమి పోగొట్టుకొని, నాతో పాటే బొంబాయిలో నేల మీద పడుకొని, నాతో పాటే విమానం ఎక్కి, నా పక్క మంచంలోనే నిద్రపోయేవాడు. అయినా నేను "పటేలా" అనే పిలిచేవాణ్ణి, అతను "లచ్చిగా" అనేవాడు. విమానం ఎక్కి సముద్రం దాటినా పిలుపులు దాటలేదు.

పటేల్ తాపీమేస్త్రీ. పని బాగా చేసేవాడు, అది కాదనను. పొద్దున అందరికంటే ముందు లేచి ఫలజ్ దగ్గరికి పోయేవాడు. ఇంకెవరూ చెయ్యి పెట్టకముందే తన సీసా ఇసుకతో తోమి, కడిగి, నింపి, తడి గోనెపట్టా చుట్టి, తన తువ్వాలుతోనే ముడి వేసుకునేవాడు. తన కులం వాళ్లకు కూడా ఆ పద్ధతే నేర్పాడు. వాళ్లంతా వరుసగా కూర్చొని సీసాలు తోముకుంటుంటే చూడాలి, ఏదో పూజ జరుగుతున్నట్టే ఉండేది. సైట్ మీద ఆ సీసా పూటలో సగం కూడా రాదు. ఇనుప సలాక ముట్టుకుంటే చెయ్యి కాలే ఎండ. నీళ్లు అయిపోయాక నాలుక చప్పరించుకుంటూ మధ్యాహ్నం దాకా ఇటుక మీద ఇటుక పెట్టేవాళ్లు. సైట్ మీద నీళ్లు లేకనా? ఉన్నాయి. నేనే తెచ్చేవాణ్ణి.

నన్ను నీళ్లు మోసే పనికి పెట్టింది స్టోరు చూసుకునే మలయాళీ. ఎవడి భుజాలు గట్టివో చూసి వేలు చూపించాడు. అతనికి మా ఊళ్ల సంగతి ఏం తెలుస్తుంది. ఫలజ్ దగ్గర నీళ్ల వంతులు చూసే ముసలాయన ఖల్ఫాన్ నాకు మేకతోలు తిత్తి ఇచ్చి మోయడం నేర్పాడు. తోలుకు దానిమ్మ తొక్కల పొడి ఎట్లా పట్టించాలి, మూతి ఎట్లా కట్టాలి, నీడలో ఎట్లా వేలాడదీస్తే నీళ్లు చల్లబడతాయి, అన్నీ ఆయన చెప్పినవే. ఆయన నేలలో ఒక కర్ర పాతి దాని నీడను చూస్తూ కూర్చునేవాడు. నీడ గీత దాటగానే లేచి ఒక తోటకు నీళ్లు కట్టేసి ఇంకో తోటకు వదిలేవాడు. షేకు తోటైనా, విధవరాలి తోటైనా నీడ ఒక్కటే. కాలువ ఊళ్లోకి వచ్చే మొదటి చోటు మాత్రం తాగే నీళ్లకు. అక్కడ వంతు లేదు, అడిగేది లేదు. దారిన పోయేవాడు, గాడిద తోలేవాడు, ఎవడైనా వంగి తాగి పోవచ్చు. నేను మొదటిసారి అక్కడ వంగి, ఎవరైనా అరుస్తారేమోనని వెనక్కి చూశాను. ఖల్ఫాన్ నవ్వాడు. "ఏం చూస్తున్నావ్? నీళ్లు ముందున్నాయి" అన్నాడు, సగం హిందీ సగం అరబ్బీలో.

ఆ కాలువలోంచే నా తిత్తి నింపేవాణ్ణి. పటేల్ సీసా నిండింది కూడా ఆ కాలువలోంచే. తేడా అంతా మధ్యలో ఉన్న నా చెయ్యి. పాకిస్తానీ వడ్రంగులు తాగేవాళ్లు, మలయాళీలు తాగేవాళ్లు, మన తక్కువ కులాలవాళ్లు తాగేవాళ్లు. పటేల్ గుంపు మాత్రం "తోలు వాసన కొడ్తున్నయిరా, కడుపుల తిప్పుతది" అని మొహం తిప్పుకునేది. ఊళ్లో మోట బొక్కెన తోలుది కాదా, ఆ నీళ్లతో పండిన వడ్లు తినలేదా అని నేను అడగలేదు. అడిగేంత ధైర్యం అప్పుడు ఎక్కడిది.

ఎండలు ముదిరేసరికి ఆ గుంపులో ఒక్కొక్కడికీ నడుములో పోట్లు మొదలయ్యాయి. గోడ చాటుకు పోయి వచ్చేవాళ్లు మొహాలు వేలాడేసుకొని వచ్చేవాళ్లు. బోధన్ వైపు నుంచి వచ్చిన కమ్మరి సాయిలు నోరున్నవాడు. పటేల్ గోడ చాటు నుంచి వస్తుంటే, "ఏమే పటేలా, చాయ్ దుకాణం పెట్టినవా? రంగు మస్తుగున్నది, పాలు పొయ్యలేదు గంతే" అనేవాడు. అందరూ నవ్వేవాళ్లు. పటేల్ కూడా నవ్వేవాడు. నవ్వి, నడుము పట్టుకొని పరంజా ఎక్కేవాడు. మూత్రం ఎర్రగా మారినా ఎక్కేవాడు.

పనులు ఆగిపోతున్నాయని కంపెనీకి తెలిసి, మస్కట్ నుంచి ఒక డాక్టరును పంపారు. మస్కట్‌లో గొప్పోళ్లుండే ఖురంలో ఇల్లు, తెల్ల కారు, కోస్తావైపు మనిషి. తెలుగాయన వస్తున్నాడంటే షెడ్డంతా పండగ చేసుకున్నారు. ఆయన ఒక పెద్ద బొమ్మ తెచ్చి గోడకు తగిలించాడు. చిక్కుడు గింజల్లాంటివి రెండు, వాటి నుంచి గొట్టాలు. "ఏమయ్యా, ఇవి మీ కిడ్నీలు. నీళ్లు తక్కువైతే వీటిలో రాళ్లు తయారవుతాయి. తర్వాత ఎండిపోతాయి. అర్థమైందా?" అన్నాడు. అర్థమైందన్నారు. "నేను ఊరికే చెప్పి వెళ్లిపోయే రకం కాదు. మీరే చెప్పాలి, మీ కష్టం ఏంటో. మీ తరఫున మాట్లాడేవాళ్లు ముందుకు రండి" అన్నాడు. ముందుకు వచ్చింది ఎవరు? పటేల్, అతని గుంపు. జబ్బు తెచ్చుకున్నవాళ్లూ వాళ్లే, అది ఎందుకొచ్చిందో తెలిసినవాళ్లూ వాళ్లే, మాట్లాడేదీ వాళ్లే. నేను తిత్తి పట్టుకొని గోడకు ఆనుకొని నిలబడ్డాను.

"నీళ్లు తాగడానికి ఏంటి ఇబ్బంది?" అన్నాడు డాక్టరు.

"ఇబ్బంది ఏం లేదు సార్," అన్నాడు పటేల్. "తోలు సంచి సార్. వాసన. మన మనుషులకు అలవాటు లేదు గద."

"అంతేనా? ఇంకేమీ లేదుగా?"

"ఇంకేమున్నది సార్. గంతే."

డాక్టరు రాసుకొని, తలెత్తి నా వైపు చూశాడు. "నీళ్లు తెచ్చేది నువ్వేనా? నీ పేరేంటోయ్?"

"లచ్చన్న సార్."

"ఇంటిపేరు?"

చెప్పాను. ఆయనకు అది చాలలేదు, కులం కావాలి. "ఏవిట్లు మీరు?" అన్నాడు.

"నాయకపోడోళ్లం సార్. గుట్టోళ్లం."

"ఓహో" అన్నాడు డాక్టరు. తర్వాత కాగితం తిప్పాడు.

ఆ ఓహో కోసమే నేను ఈ సంగతంతా రాస్తున్నాను. ఆయనకు తెలియదనుకునేరు. అంతా తెలుసు. ఆ ఒక్క ముక్కలో ఆయనకు మొత్తం తెలిసిపోయింది. బొమ్మలోని చిక్కుడు గింజలు ఎందుకు ఎండుతున్నాయో, తోలు వాసన మాట ఎంత అబద్ధమో, అన్నీ. ఆయన పుట్టింది కూడా అటువంటి ఊళ్లోనే కదా. అడిగితే గొడవ, అడగకపోతే మర్యాద. ఆయన మర్యాదస్తుడు. తన సీసాలోంచి రెండు గుక్కలు తాగి, చెయ్యి కడుక్కొని, కారెక్కి పోయాడు. కార్మికులతో మాట్లాడి వాళ్లు చెప్పినట్టే చేశానని పైవాళ్లకు చెప్పుకొనే ఉంటాడు. వాళ్లు చెప్పినట్టే చేశాడు, అబద్ధమేమీ లేదు.

వారం తిరక్కుండా కొత్త స్టీలు డ్రమ్ము వచ్చింది. మూత, కుళాయి, ఒక గ్లాసు, నీళ్లలో వేయడానికి నిమ్మకాయలు, ఉప్పు. మలయాళీ దాని పక్కన నిలబడి ఫోటో తీయించుకున్నాడు. తోలు పోయింది, వాసన పోయింది. నింపేది మాత్రం నేనే. మొదటి రోజు అందరూ పటేల్ గుంపు వైపు చూశారు. వాళ్లు డ్రమ్ము చుట్టూ తిరిగి, మూత తట్టి, "మంచిగున్నది" అన్నారు. తమ సీసాలు తాము తాగారు. "ఏమాయె పటేలా, ఇప్పుడేం వాసన?" అన్నాడు సాయిలు. "ఉప్పేసిండ్రుర, నాకు ఉప్పు పడదు" అన్నాడు పటేల్. సాయిలు ఈసారి నవ్వలేదు. నేల మీద ఉమ్మి పోయాడు. నేనూ ఉమ్మాలనుకున్నాను గాని నీళ్లు మోసేవాడు ఉమ్మితే ఇంకో మాట వస్తుందని మింగాను.

తర్వాత ఒక పొద్దున పటేల్ పరంజా మీద నుంచి దిగుతూ నిచ్చెన మధ్యలోనే ముడుచుకుపోయాడు. అరవడం కూడా రాలేదు, ఆవుదూడ లాగా ఒక మూలుగు. కింద పడుకోబెడితే ఒళ్లు కాలిపోతోంది, పెదవులు అట్టలు కట్టాయి. సీసా ఖాళీ. నేను గ్లాసు నింపి నోటి దగ్గర పెట్టాను. అతను పళ్లు బిగించాడు. కళ్లతో ఫలజ్ వైపు చూపించాడు. "ఆడికి తీస్కపోరా లచ్చిగా" అన్నాడు. సరేనని వీపు మీద వేసుకున్నాను. అతని చెమట నా మెడ మీద కారింది, అతని గడ్డం నా భుజం మీద ఆనింది, అతని రొమ్ము నా వీపుకు అంటుకుంది. దానికి మైల లేదు. నా వీపు పనికొచ్చింది, నా చెయ్యి పనికిరాలేదు. మోసుకుపోతూ నాకు కోపం కూడా రాలేదు. ఇంత తెలివితక్కువ మనిషిని ఇన్నాళ్లూ పటేలా అని పిలిచానా అని నవ్వొచ్చింది.

ఫలజ్ దగ్గర దించితే, వంగలేకపోయాడు. దోసిలి నిలవడం లేదు. ఖల్ఫాన్ నీడ చూసుకుంటున్నవాడు లేచి వచ్చి, తన దోసిట్లో నీళ్లు తీసి అతని నోట్లో పోశాడు. పటేల్ తాగాడు. కుక్కపిల్ల లాగా, ఆ ముసలాయన వేళ్లు చీకుతూ తాగాడు. ఊళ్లో సాయిబుల ఇంట్లో వక్కపలుకు కూడా ముట్టని మనిషి. ఇక్కడ అరబ్బు అంటే యజమాని జాతి, వీసా ఇచ్చే జాతి. యజమాని చేతికి కులం ఉండదు కాబోలు. ఖల్ఫాన్ నన్ను చూసి, "నీ దగ్గర డ్రమ్ము నిండా ఉంది కదా, ఇంత దూరం ఎందుకు మోశావు?" అన్నాడు. నాకు వచ్చిన అరబ్బీ ముక్కలతో, హిందీతో విడమర్చి చెప్పాను.  ఆయన తల అడ్డంగా ఊపి, "మీ దేశంలో నీళ్లకు కూడా పెళ్లిసంబంధం చూస్తారా?" అన్నాడు. పటేల్‌కు కొంత అరబ్బీ వచ్చు. విననట్టే పడుకున్నాడు.

కంపౌండరు వచ్చి సూది వేసి, పొద్దు పొడిచినప్పటి నుంచి పొద్దు కుంకే దాకా నీళ్లు తాగుతూనే ఉండాలి, లేదంటే కిడ్నీలు దక్కవని చెప్పాడు. పటేల్ షెడ్డులో పడుకున్నాడు. నన్ను కంపెనీ అతని దగ్గర ఉండమని, షెడ్డుకు కూడా ఒక డ్రమ్ము ఇచ్చింది. అతనివాళ్లు డ్యూటీకి పోయేముందు సీసా నింపి, ఒక కుండ నీళ్లు పెట్టి పోయారు. కుండ నీళ్లు సగం వంటకు పోయాయి. మధ్యాహ్నం కాకముందే సీసా అయింది, కుండ అయింది. అతను నాలుక బయటపెట్టి గాలి పీలుస్తున్నాడు. అంతలో లారీ వచ్చింది. ఎండవేళ పని ఆపి అందరూ అన్నాలకు దిగారు. వాకిట్లో తడికె నీడన కూలబడ్డారు. పటేల్ లోపలి నుంచి, "అరే నర్సిమ్లూ, జర నీళ్లు తెండిర" అన్నాడు. అతని చిన్నాయన కొడుకు నర్సింలు తల కూడా ఎత్తలేదు. "కాసేపాగే అన్నా, నెత్తి పగులుతున్నది ఎండకు. జర తగ్గినంక తెస్త" అన్నాడు. ఇంకొకడూ అదే అన్నాడు. వాళ్ల తప్పు కూడా ఏముంది, పొద్దంతా కాలి వచ్చారు. నేను నింపిన డ్రమ్ము మాత్రం నా పక్కనే, గడప దగ్గర, అంచుల దాకా నీళ్లతో ఉంది.

పటేల్ నన్ను వేలితో పిలిచాడు. చెవి దగ్గర పెడితే వినపడేంత గొంతుతో, "లచ్చన్నా" అన్నాడు. లచ్చిగా అనలేదు. "తలుపేసి ఒక గిలాసు ఇయ్యి."

నేను లేచాను. గ్లాసు నింపాను. ఆ షెడ్డుకు రేకు తలుపు, సగం తెరిచి ఉంది. దాన్ని పట్టుకొని గోడకు తగిలేదాకా బార్లా తీశాను. దడేల్‌మని చప్పుడైంది, వాకిట్లోవాళ్లంతా ఇటు చూశారు. గ్లాసు అతని ముందు పట్టుకొని నిలబడ్డాను. "తలుపు తీసే ఇస్త పటేలా. తాగితే తాగు" అన్నాను. అంత పెద్ద మాట నేను అంతకుముందు ఎవరితోనూ అనలేదు. నేను చేసింది తప్పనేవాళ్లు ఉన్నారు, మా ఆవిడ కూడా అంది, చావుబతుకుల్లో ఉన్నవాడితో పంతమా అని. అననివ్వండి. పంతం మొదలుపెట్టింది నేను కాదు. పటేల్ తలుపు వైపు చూశాడు, గ్లాసు వైపు చూశాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఒంట్లో నీళ్లు లేవు గాని వాటికి మాత్రం ఎక్కడి నుంచో వచ్చాయి. గ్లాసు లాక్కొని తాగాడు. ఇంకోటి. ఇంకోటి.

ఇక అందరూ తాగడం మొదలుపెట్టారని రాస్తే బాగుంటుంది. అట్లా జరగలేదు. ఆ పొద్దే నర్సింలు పటేల్ కంచం తీసి వేరుగా పెట్టాడు. ఎండ తగ్గాక నీళ్లు తెస్తానన్నవాడే.  మరునాటి నుంచి వాళ్లు తడికె నీడన ఒకవైపు, నేనూ సాయిలు ఇంకోవైపు, పటేల్ మధ్యలో ఒక్కడే ఎండలో కూర్చొని తినేవాడు. "ఇటు రావయ్యా పటేలా, ఇంకేం మిగిలింది" అని సాయిలు పిలిస్తే, విననట్టు ముద్ద కలుపుకునేవాడు. నా నీళ్లు తాగుతాడు, నా పక్కన కూర్చోడు. పోయిన కులం తాలూకు ఖాళీ జాగాను కాపలా కాస్తున్నట్టు కూర్చునేవాడు. కొన్నాళ్లకు కాళ్లు ఉబ్బాయి. కంపెనీ టికెట్టు కొని ఇంటికి పంపేసింది. ఆసుపత్రి గోడలు అప్పటికి పైకప్పు దాకా లేచాయి. అందులో అతను కట్టిన గోడలే ఎక్కువ.

సెలవు మీద ఊరికి పోయినప్పుడు చూడటానికి పోయాను. వాకిట్లో నులక మంచం మీద ఉన్నాడు, మొహం ఉబ్బి, కళ్లు గీతల్లా అయి. చుట్టూ చుట్టాలు. నేను గడప ఇవతలే ఆగాను, పాత చోటులోనే. అక్కడ అందరూ ఒకే మాట, "ఒమన్ నీళ్లు పడలేదట, కిడ్నీలు కరగతిన్నయట." పటేల్ నన్ను చూపించి, "గీడు గూడ ఆడనే ఉండె. అడుగుండ్రి, ఆడి నీళ్లు ఎట్లుంటయో" అన్నాడు. నేను అవునంటానని అతని నమ్మకం. అప్పటి దాకా ఎప్పుడూ కాదనలేదు కదా.

"మస్తుగుంటయి," అన్నాను. "సల్లగ, తియ్యగ. నువ్వు నా చేతుల తాగినవ్ గద పటేలా, మరిసినవా?"

 పటేల్ తల్లి, ఆ చెంబు నేర్పరి, ముసలిదై గోడ వారన కూర్చుని ఉంది. "ఏందిరా బిడ్డా అది?" అంది కొడుకుతో. పటేల్ కళ్లు మూసుకున్నాడు. నేను వచ్చేశాను. వానలు పడకముందే అతను పోయాడు. ఆ రోజుల్లో మా జిల్లాలో మిషన్లు లేవు. ఉంటే మాత్రం, మిషను నడిపే పిల్లగాడిది ఏ కులమో అడగకుండా ఎక్కేవాడనుకోను.

ఇప్పుడు మిషన్లు ఉన్నాయి. నా రక్తం వాటిలో తిరిగి వస్తుంది. పరాయి దేశంలో అందరికీ నీళ్లు మోసిన నాకు ఇప్పుడు డాక్టరు గ్లాసుతో కొలిచి తాగమన్నాడు. నాలుక తడుపుకొని ఊరుకుంటాను. మా గూడేలవాళ్లు ఎందుకు రారో ఈ పిల్లకు, జీపులోని సారుకు తెలియదా? పొద్దున బయలుదేరినవాణ్ణి, "మీ గుట్టోళ్లు ఆఖర్ల రాండి" అని మధ్యాహ్నం దాకా వరండాలో కూర్చోబెట్టేది ఎవరో వాళ్లకు తెలుసు. మావాడు లేచాక పరుపు మీద దుప్పటి రెండుసార్లు మార్చమనే పక్క మంచం మనిషి ఎవరో తెలుసు. ఏం తినకూడదో రాసి మాకు ఒక కాగితం ఇచ్చారు. జీడిపప్పు తినొద్దు, కొబ్బరినీళ్లు తాగొద్దు, యాపిల్ తగ్గించాలి. మా అమ్మ యాపిల్ చూడకుండానే పోయింది. ఇవన్నీ ఓహో అని కాగితం తిప్పేసే సంగతులు. కమిటీ వేసి మళ్లీ మమ్మల్నే అడుగుతారు. మేం తోలు వాసన సార్ అంటే వాళ్లకు సుఖం. కొత్త డ్రమ్ము కొంటారు.

కాగితాలు చదవడం అయింది. అర్థం కాని మాటలు కొన్నున్నాయి, అడగలేదు. పిల్ల నా వేలిముద్ర కోసం సంచిలోంచి సిరా దిమ్మ తీసి మూత తెరిచింది, నేను ఇంతసేపూ చదువుతుంటే చూసి కూడా. "పెన్ను ఇయ్యి" అన్నాను. తడబడి ఇచ్చింది. దాన్ని చేతిలో పట్టుకున్నాను గాని సంతకం పెట్టలేదు.

"వస్త బిడ్డా, కమిటీల కూసుంట," అన్నాను. "గాని దప్పికయితున్నట్టున్నది నీకు. ముందు నీళ్లు తాగు."

సీసా వైపు చూసింది. అది ఎప్పుడో అయిపోయింది. నేను గూట్లోంచి చెంబు తీసి, ఎత్తి పోయకుండా, ఆమె ముందు చేతికందేట్టు పట్టుకున్నాను. పిల్ల చెంబును చూసింది. తర్వాత తలుపు వైపు చూసింది. ఎండకని ఒక రెక్క మూసి పెట్టాం; తెరిచిన రెక్కలోంచి జీపు ముందు కిటికీ కనపడుతోంది, అద్దం దించుకొని సారు ఇటే చూస్తున్నాడు. పిల్ల తలుపు వైపు చూసిన ఆ చూపు నాకు తెలుసు, పటేల్‌ది కూడా అదే. నేను చెంబు పట్టుకునే లేచి, నడిచిపోయి, రెండో రెక్క కూడా తీశాను.